యాభై ఎనిమిదేళ్ళదాకా ఆగమనేవాళ్ళతో

బెంగుళూరులో కొత్తగా ఉద్యోగంలో చేరిన తెలుగు పిల్లలకు ఇల్లు దొరకడం కష్టం, వానపడితే ఆటో దొరకడం కష్టం. పొదుపు మీద ఉపదేశం మాత్రం అడక్కుండానే దొరుకుతుంది. ఊళ్ళోంచి నాన్న ఫోన్లో చెబుతాడు. నాలుగేళ్ళ ముందు చేరిన అన్న ఆఫీసు క్యాంటీన్లో చెబుతాడు. యూట్యూబులో తెల్లబోర్డు ముందు నిలబడ్డ పెద్దమనిషి గ్రాఫు గీసి మరీ చెబుతాడు. ముగ్గురి మాటా ఒకటే: వయసులో ఉండగా నోరు కట్టుకో, డబ్బు తనంతట తానే పెరుగుతుంది, అరవై వచ్చాక కాలుమీద కాలు వేసుకుని అనుభవిద్దువుగాని. శనివారం చిక్కమగళూరు బస్సెక్కినవాడూ, శుక్రవారం మొదటి ఆటకు టికెట్టు కొన్న అమ్మాయీ, రాత్రి పదింటికి స్విగ్గీలో బిర్యానీ తెప్పించుకున్నవాడూ ఈ ఉపదేశంలో దుబారా మనుషులు. ఈ తరం చేతిలో నాలుగు రాళ్ళు నిలవకపోవడానికి ఆ బిర్యానీయే కారణమని తీర్పు కూడా అయిపోయింది.

ఆ తీర్పును నేను ఒప్పుకోను. దాని బలమంతా లెక్కలో ఉందంటారు కాబట్టి ముందు ఆ లెక్కే చూద్దాం.

ఇరవై అయిదో ఏట నెలకు 5,000 రూపాయల సిప్ (మ్యూచువల్ ఫండ్లో నెలవారీ పెట్టుబడి) మొదలుపెట్టి అరవైదాకా కడితే, ఏడాదికి 12 శాతం రాబడి వస్తుందనుకుంటే, చివర్లో చేతికి వచ్చేది దాదాపు 3 కోట్ల 20 లక్షలు. అదే పదేళ్ళు ఆలస్యంగా, ముప్పై అయిదులో మొదలుపెడితే 94 లక్షలే. పదేళ్ళ కులాసాకు రెండు కోట్ల పాతిక లక్షల పైచిలుకు జరిమానా అన్నమాట. చూసినవాడి గుండె జారాలని గీసిన గ్రాఫు అది, జారుతుంది కూడా. (ఆ 12 శాతం ముప్పై అయిదేళ్ళపాటు ఒక్క ఏడాదీ తప్పకుండా వచ్చి తీరుతుందని గ్రాఫు నమ్మకం. మార్కెట్టుకు ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.)

ఆ 3 కోట్ల 20 లక్షలు ముప్పై అయిదేళ్ళ తరవాతి రూపాయలు. ధరలు ఏడాదికి 5 శాతం చొప్పున పెరిగినా, ఇవాళ్టి లెక్కలో వాటి విలువ 58 లక్షలు. మహదేవపుర, బెళ్ళందూరు వైపు రెండు గదుల ఫ్లాటు రేటు అడిగినవాళ్ళకు 58 లక్షలంటే ఎంతో తెలుసు. ఇక జీతం సంగతి. ఇరవై అయిదులో యాభై వేలు వచ్చేవాడికి ఏడాదికి 8 శాతం పెరిగితే ముప్పై అయిదుకు నెలకు లక్షా ఎనిమిది వేలు అవుతుంది. అప్పుడు మొదలుపెట్టి అదే 3 కోట్ల 20 లక్షలు చేరాలంటే నెలకు 17 వేల చిల్లర కట్టాలి. అంటే మొదట్లో జీతంలో పదో వంతు పక్కన పెట్టాల్సిన చోట, పదేళ్ళు ఆగితే ఆరో వంతు పెట్టాలి. తేడా ఉంది, కాదనను. కానీ పదో వంతుకూ ఆరో వంతుకూ ఉన్న తేడాను రెండు కోట్ల పాతిక లక్షల నష్టంగా చూపించి భయపెట్టడం లెక్కల మాస్టారు పని కాదు, సరుకు అమ్ముకునేవాడి పని.

ఫ్రాంకో మోడిగ్లియాని, రిచర్డ్ బ్రంబర్గ్ అనే ఆర్థికవేత్తలు 1954లోనే ఈ సంగతి రాశారు. మనిషి సంపాదన వయసుతో మారుతుంది, ఖర్చు మాత్రం జీవితమంతా దాదాపు సమంగా ఉండాలని అతని కోరిక. కాబట్టి సంపాదన తక్కువగా ఉన్న చిన్నవయసులో తక్కువ దాచడం, బాగా సంపాదించే నడివయసులో ఎక్కువ దాచడం సహజం. మోడిగ్లియానికి 1985లో నోబెల్ వచ్చింది. మన ఉపదేశకులు దీన్ని తలకిందులు చేశారు. చేతిలో అతి తక్కువ ఉన్న కాలంలో అతి ఎక్కువ కడుపు కట్టుకోవాలట.

పైగా నేను యాభై వేల జీతంతో లెక్క వేశాను. ఐటీ సర్వీసు కంపెనీల్లో కొత్తగా చేరేవాళ్ళలో చాలామంది జీతం దశాబ్దం పైగా ఏడాదికి మూడు, మూడున్నర లక్షల దగ్గరే తచ్చాడుతోంది. కోతలు పోగా నెలకు పాతిక వేలు. మారతహళ్ళిలోనో బీటీఎం లేఅవుట్లోనో ముగ్గురు పంచుకునే పీజీ గది, ఇంటికి పంపే డబ్బు, చదువు అప్పు వాయిదా పోగా మిగిలేదాంట్లోంచి అయిదు వేలు తియ్యమంటే తీసేది కోరికలను కాదు, రెండోపూట కూరను. ఇదే నగరంలో 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి కుర్రకారు వారానికి డెబ్భై గంటలు పనిచెయ్యాలన్నారు. డెబ్భై గంటలు పనిచేసి, మిగిలిన గంటల్లో ఖర్చు మానేస్తే, ఆ మనిషి బెంగుళూరులో ఉన్నట్టా, లేక ఎలక్ట్రానిక్ సిటీలో పార్కు చేసి ఉంచినట్టా?

బిర్యానీని దుబారా అన్న నాన్నే రెండేళ్ళు తిరక్కుండా ఇంకో మాట మొదలుపెడతాడు. ఒక ఫ్లాటు చూడు, అద్దె ఎన్నాళ్ళు కడతావు, ఫ్లాటైతే పొదుపులా పడి ఉంటుంది అని. కోటి రూపాయల ఫ్లాటుకు 80 లక్షల అప్పు, 8.5 శాతం వడ్డీ, ఇరవై ఏళ్ళు. నెల వాయిదా 69 వేల పైన. మొదటి నెల కట్టిన దాంట్లో దాదాపు 57 వేలు వడ్డీకే, అసలుకు పోయేది 13 వేలలోపే. ఇరవై ఏళ్ళకు కట్టిన వడ్డీ మొత్తం 86 లక్షలు దాటుతుంది, అసలు కన్నా ఎక్కువ. వెయ్యి బిర్యానీలు, వంద సినిమాలు, యాభై ప్రయాణాలు కలిపినా ఈ వడ్డీ దరిదాపులకు రావు. అయినా బిర్యానీ దుబారా, ఇది పొదుపు! ఇల్లు కొనవద్దని నేను అనడం లేదు. ఇరవై ఎనిమిదో ఏట నుంచి నలభై ఎనిమిదో ఏటిదాకా ఉద్యోగం మానలేని, ఊరు మారలేని, మేనేజరుకు ఎదురు చెప్పలేని స్థితిని వడ్డీతో సహా కొనిపించినవాళ్ళు, ఆ కుర్రాడి కాఫీ బిల్లు మీద కన్నేయడం మాత్రం అన్యాయం.

ఆడపిల్లల విషయంలో ఈ ఉపదేశం ఇంకాస్త దూరం వెళుతుంది. ఉద్యోగం వచ్చిన దగ్గరనుంచి పెళ్ళయ్యేదాకా మూడేళ్ళో, అయిదేళ్ళో. చాలామంది తెలుగు అమ్మాయిలకు తమ జీతం తమ ఇష్టప్రకారం ఖర్చుపెట్టుకునే కాలం జీవితం మొత్తంలో అదొక్కటే. అప్పుడే ఇంటినుంచి మాట వస్తుంది: ఎందుకమ్మా ఆ ఖర్చులు, దాచు, పెళ్ళికి పనికొస్తుంది. దాచింది బంగారమవుతుంది, కల్యాణమండపం అద్దె అవుతుంది, లాంఛనాలవుతుంది. పెళ్ళయ్యాక మిగతాది ఫ్లాటు వాయిదాలో కలుస్తుంది. ఆ అమ్మాయి దాచింది తన అరవయ్యో ఏటి కోసమని ఎవరైనా నమ్మకంగా చెప్పగలరా? ఇందిరానగర్లో గిటారు నేర్చుకోవడానికి కట్టిన ఫీజు, స్నేహితురాళ్ళతో హంపి వెళ్ళిన ఖర్చు, వీటి మీద మాత్రం ఇంకెవరూ చెయ్యి వెయ్యలేరు. ఆమె ఖాతాలో నిజంగా ఆమె పేరున మిగిలింది అదే.

తరవాత అనుభవించవచ్చు అనే మాటలో ఇంకో సంగతి మరుగున పడుతుంది. అనుభవం ఒక్కరిది కాదు. కుర్రాడికి ఇరవై ఆరు అంటే అమ్మకు యాభై చుట్టుపక్కల. ఇప్పుడైతే కాశీలో మెట్లు దిగి గంగలో మునిగి పైకి రాగలదు. తిరుమల మెట్లదారిన నడుస్తానని పంతం పట్టగలదు. వాడికి అరవై వచ్చి కోట్లు చేతికొచ్చేసరికి ఆమెకు ఎనభై అయిదు. ఏ కాలిక్యులేటరులోనూ అమ్మ వయసు నింపడానికి గడి లేదు. మొదటి బోనస్‌తో అమ్మానాన్నలను విమానం ఎక్కించి ఎటైనా తీసుకుపోయిన పిల్లాడిని తొందరపడ్డావు అనేవాళ్ళను చూశాను. ఎవరి తరఫున అంటున్నారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మనది పొదుపు సంస్కృతి, ఈ తరమే చెడిపోయింది అనేవాళ్ళు కూడా ఉన్నారు. ఏనుగు లక్ష్మణకవి తెలుగు చేసిన భర్తృహరిని వాళ్ళు బడిలో చదివే ఉంటారు. ధనానికి ఆయన చూపిన దారులు మూడు: ఇవ్వడం, అనుభవించడం, ఈ రెండూ చెయ్యకపోతే పోవడం. దాచడం అనే దారి అందులో లేదు. ఇక వేమన లోభులను ఎలా చీల్చి చెండాడాడో చెప్పనక్కర్లేదు.

ఈ వాదం చదువుకున్నవాళ్ళ సరదాల గురించేనని తీసిపారేయడానికి వీల్లేదు. దీన్ని అసలు పరీక్షకు పెట్టినవాళ్ళు వేరే ఉన్నారు, అదీ ఈ బెంగుళూరులోనే.

2016 ఏప్రిల్ 18న బొమ్మనహళ్ళి దగ్గర హోసూరు రోడ్డు ఆగిపోయింది. రోడ్డెక్కింది గార్మెంట్ ఫ్యాక్టరీల పనివాళ్ళు, వేలల్లో, అందులో అత్యధికులు ఆడవాళ్ళు. ఏ పెద్ద సంఘమూ పిలుపు ఇవ్వలేదు. మర్నాటికి పీణ్య, జాలహళ్ళి వైపు కూడా పాకింది. లాఠీలు లేచాయి, బాష్పవాయువు వదిలారు, బస్సులు తగలబడ్డాయి. కారణం ప్రావిడెంట్ ఫండ్. అంతవరకు ఉద్యోగం మానేసి రెండు నెలలు ఖాళీగా ఉంటే పీఎఫ్ మొత్తం తీసుకోవచ్చు. ఆ ఏడాది ఫిబ్రవరి 10న వచ్చిన నోటిఫికేషన్ ప్రకారం యజమాని కట్టిన వాటాను 58 ఏళ్ళు నిండేదాకా ముట్టుకోకూడదు. పనివాళ్ళు మధ్యలోనే అంతా తీసేసుకుంటున్నారు, ముసలితనానికి ఏమీ మిగలడం లేదు, వాళ్ళ మంచి కోసమే ఈ నియమం అని ప్రభుత్వం మాట. తెల్లబోర్డు పెద్దమనిషి చెప్పేది కూడా ఇదే కదా, ఆయన చేతిలో గెజెట్ లేదు, అంతే.

ఆ ఆడవాళ్ళ జీతం అప్పట్లో ఏడెనిమిది వేలు. ఏడు వేల మీద లెక్కవేస్తే యజమాని పీఎఫ్ వాటా, పెన్షన్‌కు పోయేది పోగా, 3.67 శాతం, అంటే నెలకు 257 రూపాయలు. అయిదేళ్ళకు పదిహేను వేల చిల్లర, పైన వడ్డీ. ఈ మాత్రానికి నగరాన్ని ఆపేస్తారా అని అప్పుడు విస్తుపోయినవాళ్ళు చాలామంది. ఆ పదిహేను వేలే బిడ్డ స్కూలు ఫీజు, పైకప్పు రేకులు, వడ్డీవ్యాపారి నోరు మూయించే మొత్తం. కుట్టుమిషన్ మీద యాభై ఎనిమిదేళ్ళదాకా కూర్చునే మనిషి ఆ ఫ్యాక్టరీల్లో అరుదు. నడుము, కళ్ళు అంతకు చాలా ముందే తప్పుకోమంటాయి. పదేళ్ళ సర్వీసు నిండితే 58 తరవాత పెన్షన్ ఉందికదా అంటారా? 2014లో దాని కనీస మొత్తాన్ని నెలకు వెయ్యి రూపాయలు చేశారు. ఆ వెయ్యి చూపించి ఇవాళ్టి పదిహేను వేలు వదులుకోమనడం న్యాయమా అని అడిగితే రేపటి ధ్యాస లేనివాళ్ళన్నారు. 2016 ఏప్రిల్ 19నే అప్పటి కేంద్ర కార్మికమంత్రి, మన సికింద్రాబాద్ ఎంపీ బండారు దత్తాత్రేయ, ఆ నోటిఫికేషన్‌ను రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు.

అంతకు నెలన్నర ముందే బడ్జెట్లో పీఎఫ్ ఉపసంహరణలో 60 శాతం మీద పన్ను వేస్తామంటే ఆఫీసు ఉద్యోగులు గగ్గోలు పెట్టారు, మార్చి 8న అదీ వెనక్కి పోయింది. దాన్ని మధ్యతరగతి విజ్ఞత అన్నాం. కుట్టుపని ఆడవాళ్ళు అదే చేస్తే అల్లరి అన్నాం.

వాళ్ళది అవసరం, కుర్రాళ్ళది విలాసం, రెంటినీ ఒక గాటన కడతావా అని అడగవచ్చు. కడతాను. రెండు చోట్లా చెబుతున్నది ఒక్కటే: నీ డబ్బు మీద ఇవాళ్టి నీకు హక్కు లేదు, ముప్పై ఏళ్ళ తరవాతి నీకే ఉంది, అప్పటిదాకా తాళంచెవి మా దగ్గర. ఏది అవసరమో ఏది విలాసమో తేల్చేది కూడా తాళంచెవి ఉన్నవాడే. ఆ వాదన ఇంకా సద్దుమణగలేదు. 2025 అక్టోబరులో పీఎఫ్ ట్రస్టీల బోర్డు పాక్షికంగా తీసుకునే నియమాలను సులువు చేసింది. అదే సమావేశంలో నాలుగో వంతు ఎప్పుడూ ఖాతాలోనే ఉండాలంది, ఉద్యోగం పోయినవాళ్ళు మొత్తం తీసుకోవడానికి ఆగాల్సిన గడువును రెండు నెలలనుంచి పన్నెండు నెలలకు పెంచాలని కూడా నిర్ణయించింది.

నా వాదానికి గట్టి సమాధానం ఒకటి ఉంది. ఐటీలో నలభై దాటినవాడి ఉద్యోగానికి నమ్మకం లేదు, ఒక్క ఈమెయిల్‌తో ఇంటికి పంపిన రోజులు చూశాం, ఇంట్లో ఒకరికి గుండె ఆపరేషన్ వస్తే ఏం చేస్తావు? నిజమే. అయితే ఆ ప్రమాదానికి కావలసింది ఆరునెలల ఖర్చు చేతికందేలా బ్యాంకులో ఉండటం, అమ్మానాన్నలతో కలిపి ఆరోగ్యబీమా ఉండటం. అరవయ్యో ఏట తెరుచుకునే కోట్లు నలభై రెండో ఏట పోయిన ఉద్యోగానికి అక్కరకు రావు. ఫ్లాటు అయితే అక్కరకు రాకపోవడమే కాదు, అదే నెల వాయిదా అడుగుతుంది. రేపటి భయాన్ని చూపించి ఎల్లుండికి తాళం వెయ్యమంటున్నారు.

మన పాతకాలం చీటీలో ఈ తెలివి ఉంది. నెలనెలా కడతావు, నీకు నిజంగా అక్కర వచ్చిన నెల పాట పాడి ఎత్తుకుంటావు, మిగతా నెలలు కడుతూనే ఉంటావు. పొదుపు చెయ్యడానికీ, వయసులో ఉండగానే ఆ డబ్బు వాడుకోవడానికీ అందులో తగాదా లేదు. చీటీలు ఎత్తేసి పారిపోయినవాళ్ళు లేరా అంటే ఉన్నారు. దాచిన సొమ్ము పదిలమన్న నమ్మకం మీద చీటీలవాళ్ళను మాత్రమే ఎందుకు బదులడుగుతాం? డిపాజిట్లు సేకరించి తిరిగి చెల్లించలేకపోయిన అగ్రిగోల్డ్‌ కంపెనీలో కట్టిన సుమారు 32 లక్షలమంది తెలుగు రాష్ట్రాల నుంచి ఒడిశా, కర్ణాటకల దాకా ఉన్నారు, పదీ పాతికా వంతున కూడబెట్టినవాళ్ళే. పదివేల లోపు కట్టినవాళ్ళకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన డబ్బు ఇచ్చింది 2019లో, ఇరవై వేల లోపు వాళ్ళకు 2021లో. బెంగుళూరులో శ్రీ గురు రాఘవేంద్ర సహకార బ్యాంకు సంగతి తీసుకోండి. 2020 జనవరిలో రిజర్వు బ్యాంకు ఆంక్షలతో ఖాతాదారు తీసుకోగలిగింది 35 వేలే. అందులో డిపాజిట్ చేసినవాళ్ళలో చాలామంది పెన్షనర్లు, జీవితమంతా ఉపదేశం ప్రకారం నడుచుకున్నవాళ్ళు. వాళ్ళను ఎగతాళి చేయడానికి చెప్పడం లేదు. ఖర్చుచేసిన కుర్రాడి తప్పును వేలెత్తి చూపేటప్పుడు, దాచి పోగొట్టుకున్నవాళ్ళ లెక్క కూడా పక్కన రాయాలి కదా.

అప్పు చేసి ఆడే సరదాల తరఫున మాత్రం నేను మాట్లాడను. క్రెడిట్ కార్డు మీద నెలకు మూడున్నర శాతం వడ్డీ కడుతూ గోవా వెళ్ళినవాడు ఇవాళ్టిని అనుభవించడం లేదు, రేపటి జీతాన్ని ఇవాళే వేరొకరికి రాసిచ్చాడు. ఇది మళ్ళీ తాళంచెవి పరాయివాడికి ఇవ్వడమే. చేతిలో ఉన్నది ఖర్చుపెట్టడం వేరు.

కుర్రకారు డబ్బు ఎక్కడికి పోతోందో నిజంగా తెలుసుకోవాలని ఉన్నవాళ్ళు బెంగుళూరు అడ్వాన్సుల దగ్గర మొదలుపెట్టాలి. ముప్పై వేల అద్దె ఇంటికి పది నెలల అడ్వాన్సు అడిగే ఓనర్లు ఇప్పటికీ ఉన్నారు. అయిదారు నెలలతో సరిపెట్టుకునేవాళ్ళు ఈమధ్య పెరిగారు, వాళ్ళను దయామయులంటున్నాం. పది నెలలంటే మూడు లక్షలు. వడ్డీ లేదు. ఏడు శాతం డిపాజిట్లో వేసుకుంటే ఏడాదికి 21 వేలు ఓనరుకు. ఇరవై మూడేళ్ళ పిల్లకు అది తన మొత్తం పొదుపు, కొందరికి నాన్న తెచ్చిన అప్పు. ఇళ్ళకు రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోకూడదని 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం చెబుతోంది. అమలు చెయ్యాల్సింది రాష్ట్రాలు. దీని మీద తెల్లబోర్డు ముందు గ్రాఫు గీసినవాళ్ళను నేను చూడలేదు. ఇల్లు ఖాళీ చేసిన రోజు గోడలకు రంగులేయించాలని ఒక నెల అద్దె కోసుకుని మిగతాది ఇస్తారు, అదీ కొత్తగా దిగినవాళ్ళ అడ్వాన్సు చేతికొచ్చాక.